ఒకే సైటు, రెండు గుమ్మాలు: ఆఫీసు సిబ్బందికీ బయటి వాడుకరులకూ లాగిన్ ఏర్పాటు

ఆఫీసు నెట్‌వర్క్‌లో ఉన్న ఉద్యోగి ఉదయం తన కంప్యూటర్‌లోకి ఒకసారి లాగిన్ అయితే చాలు, సైటు మళ్లీ పాస్‌వర్డ్ అడగకూడదు. బయటి నుంచి వచ్చేవాళ్లకు మామూలు లాగిన్ పేజీ కనబడాలి. అడ్రసు మాత్రం ఒక్కటే. ఈ అవసరం వచ్చినప్పుడు చాలామంది ముందుగా ఐఐఎస్ (విండోస్ వెబ్ సర్వర్) మేనేజర్ తెరిచి విండోస్ అథెంటికేషన్, ఫార్మ్స్ అథెంటికేషన్ రెండింటినీ ఒకే సైటు మీద ఆన్ చేస్తారు. ఆ రెండు పద్ధతులూ ఒకేసారి పనిచేయవని అక్కడే ఓ హెచ్చరిక వస్తుంది. దాన్ని లెక్కచేయకుండా ముందుకెళ్తే సిబ్బందో, బయటివాళ్లో ఎవరో ఒకరు లోపలికి రాలేరు.

విండోస్ పద్ధతిలో సర్వర్ 401 (గుర్తింపు కావాలి) జవాబు పంపి, దాంతోపాటు నెగోషియేట్ అనే హెడర్‌తో "నువ్వెవరో రుజువు చూపించు" అని బ్రౌజర్‌ను అడుగుతుంది. ఫార్మ్స్ పద్ధతిలో సర్వర్ 302 జవాబుతో లాగిన్ పేజీకి దారి మళ్లిస్తుంది. ఒక రిక్వెస్టుకు ఒకే జవాబు ఇవ్వగలం. అది 401 అయినా కావాలి, 302 అయినా కావాలి. అందుకే రెండూ ఒకే యూఆర్ఎల్ మీద ఇమడవు.

కాబట్టి సైటు మొత్తం తన సొంత సెషన్ కుకీని (లాగిన్ అయ్యారనడానికి బ్రౌజర్‌లో ఉంచే గుర్తు) తప్ప దేన్నీ నమ్మకూడదు. ఆ కుకీని ఇచ్చే గుమ్మాలు మాత్రం రెండు ఉండాలి. ఒక గుమ్మం సిబ్బందిని కెర్బెరోస్ (ఆఫీసు ఖాతాలను నిర్వహించే డొమైన్ ఇచ్చిన టికెట్‌తో మనిషిని గుర్తించే పద్ధతి) ద్వారా గుర్తుపట్టి కుకీ ఇస్తుంది. ఇంకోటి పాస్‌వర్డ్ చూసి అదే రకం కుకీ ఇస్తుంది. గుమ్మం దాటాక మిగతా పేజీలకు ఎవరు ఎటు నుంచి వచ్చారన్నది తెలియాల్సిన పనే లేదు. కుకీలో ఉన్న ఖాతా, హక్కులు చూసుకుంటే సరిపోతుంది.

ఐఐఎస్‌లో సిబ్బంది గుమ్మం

ఏఎస్‌పీ డాట్ నెట్ ఫ్రేమ్‌వర్క్ సైటయితే ముఖ్య సైటు మీద ఎనానిమస్ (గుర్తింపు అడగకుండా రానిచ్చే పద్ధతి), ఫార్మ్స్ రెండే ఆన్‌లో ఉంచి, విండోస్‌ను ఆఫ్ చేయండి. సైటు కింద "/స్టాఫ్" లాంటి పేరుతో ఒక ఫోల్డర్ పెట్టి, దాన్ని ఐఐఎస్‌లో విడి అప్లికేషన్‌గా మార్చండి. అందులో విండోస్ ఆన్, ఎనానిమస్ ఆఫ్. ఎనానిమస్‌ను పొరపాటున ఆన్‌లో వదిలేస్తే సర్వర్ అసలు రుజువే అడగదు, వచ్చినవాళ్ల పేరు ఉండాల్సిన లాగాన్ యూజర్ విలువ ఖాళీగా వస్తుంది. "విండోస్ ఆన్ చేశాం కదా, పేరెందుకు రావడం లేదు" అనే ప్రశ్నకు చాలాసార్లు జవాబు ఇదే.

మామూలు ఫోల్డర్ సరిపోదా అంటే, సరిపోదు. ఫార్మ్స్ మాడ్యూల్ ఆ అప్లికేషన్‌లో ఎక్కడ 401 కనబడినా దాన్ని 302గా మార్చేస్తుంది. బ్రౌజర్‌కు చేరాల్సిన సవాలు మధ్యలోనే మాయమై, ఉద్యోగి మళ్లీ బయటివాళ్ల లాగిన్ పేజీలోనే తేలతాడు. అథెంటికేషన్ మోడ్‌ను అప్లికేషన్ స్థాయిలోనే మార్చగలం, ఫోల్డర్ స్థాయిలో మార్చలేం. 4.5 వర్షన్ నుంచి రెస్పాన్స్ మీద ఈ దారి మళ్లింపును ఆపే ప్రాపర్టీ ఒకటి వచ్చింది. కోడ్‌తో ఆపుకోవచ్చు గానీ విడి అప్లికేషన్ అయితే తర్వాత వచ్చేవాళ్లకు చూడగానే అర్థమవుతుంది.

విడి అప్లికేషన్ పెట్టినప్పుడు మూడు విషయాలు రెండు అప్లికేషన్ల వెబ్ డాట్ కాన్ఫిగ్ (సెట్టింగ్స్) ఫైళ్లలోనూ అక్షరం తేడా లేకుండా ఉండాలి.

- మెషీన్ కీ, అంటే కుకీకి తాళం వేసి తీసే కీలు. వాలిడేషన్ కీ, డీక్రిప్షన్ కీ రెండూ మీరే తయారు చేసి రాయండి. వదిలేస్తే ఒక్కో అప్లికేషన్‌కు ఒక్కో కీ పుడుతుంది. అప్పుడు సిబ్బంది గుమ్మం ఇచ్చిన కుకీని ముఖ్య సైటు విప్పలేదు.
- కుకీ పేరు, పాత్. పాత్ "/" అయి ఉండాలి, "/స్టాఫ్" కాకూడదు.
- హెచ్‌టీటీపీ రన్‌టైమ్ టార్గెట్ ఫ్రేమ్‌వర్క్. 4.5తో ఎన్‌క్రిప్షన్ పద్ధతి మారింది. ఒకచోట 4.0, ఇంకోచోట 4.5 ఉంటే కీలు సరిపోయినా కుకీ తెరుచుకోదు. ఎర్రర్ ఏదీ కనబడకుండానే లాగిన్ పేజీకి తిరిగొచ్చేస్తుంది కాబట్టి దీన్ని పట్టుకోవడం కష్టం.

ఈ మార్పులు వెబ్ డాట్ కాన్ఫిగ్‌లో రాయగానే 500.19 (కాన్ఫిగ్ సెట్టింగ్ చెల్లదనే ఎర్రర్) వస్తే కంగారు పడొద్దు. విండోస్ అథెంటికేషన్ సెక్షన్‌కు సర్వర్ స్థాయిలో మొదటినుంచీ తాళం వేసి ఉంటుంది. సర్వర్ మొత్తానికి ఉండే అప్లికేషన్ హోస్ట్ కాన్ఫిగ్‌లో ఆ ఒక్క పాత్‌కు లొకేషన్ ట్యాగ్ రాసి సెట్టింగ్ అక్కడే పెట్టండి. సెక్షన్ మొత్తానికి తాళం తీస్తే ఆ సర్వర్ మీదున్న ప్రతి సైటుకూ అది తెరిచినట్టే అవుతుంది.

సిబ్బంది గుమ్మంలో ఉండే పేజీ చాలా చిన్నది. వచ్చిన విండోస్ గుర్తింపు తీసుకుని, దానికి సరిపోయే ఖాతాను డేటాబేసులో వెతికి, కుకీ రాసి, అడిగిన పేజీకి పంపాలి. రిటర్న్ యూఆర్ఎల్ మన సైటులోని పేజీయేనా అని తప్పక సరిచూడండి. లేకపోతే మీ అడ్రసుతో మొదలయ్యే లింకు నొక్కిన ఉద్యోగి, లాగిన్ అయిన మరుక్షణం ఎవరో పెట్టిన నకిలీ పేజీలో ఉంటాడు.

ఏఎస్‌పీ డాట్ నెట్ కోర్‌లో పని తేలిక. ఐఐఎస్‌లో ఎనానిమస్, విండోస్ రెండూ ఆన్ చేసి, డిఫాల్ట్ స్కీమ్ (గుర్తింపు పద్ధతి) కుకీగా పెట్టి, సిబ్బంది గుమ్మం యాక్షన్‌లో మాత్రమే విండోస్ స్కీమ్‌తో చాలెంజ్ చేయండి. చాలెంజ్ మనం చెప్పినప్పుడే జరుగుతుంది కాబట్టి రెండూ కొట్టుకోవు. సర్వర్లు ఒకటికంటే ఎక్కువుంటే కుకీకి తాళం వేసే డేటా ప్రొటెక్షన్ కీలు సర్వర్లన్నిటికీ అందే చోట ఉండాలి, అప్లికేషన్ పేరూ ఒకటే ఉండాలి.

కెర్బెరోస్ పనిచేయాలంటే ఎస్‌పీఎన్ సరిగ్గా ఉండాలి

ఎస్‌పీఎన్ అంటే సైటు పేరును అది నడిచే డొమైన్ ఖాతాతో కలిపే నమోదు. అది తప్పుగా ఉంటే చాలాసార్లు బ్రౌజర్ చడీచప్పుడు లేకుండా పాత పద్ధతి అయిన ఎన్‌టీఎల్‌ఎమ్‌కు దిగిపోతుంది. లాగిన్ పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది. మధ్యలో ప్రాక్సీ (రిక్వెస్టులను ముందుగా అందుకుని సర్వర్‌కు పంపేది) వచ్చినప్పుడో, ఎన్‌టీఎల్‌ఎమ్ ఆపేసినప్పుడో ఒక్కసారిగా కూలుతుంది. మైక్రోసాఫ్ట్ 2024లో ఎన్‌టీఎల్‌ఎమ్ వర్షన్లన్నిటినీ కాలం చెల్లిన జాబితాలో వేసింది కాబట్టి దాని మీద ఆధారపడే ఏర్పాటు ఇప్పుడు కొత్తగా కట్టకండి.

అప్లికేషన్ పూల్‌ను (ఐఐఎస్‌లో సైటు కోడు నడిచే ప్రాసెస్) ఒక డొమైన్ ఖాతా కింద నడపండి. వీలైతే గ్రూప్ మేనేజ్డ్ సర్వీస్ ఖాతా వాడండి. దాని పాస్‌వర్డ్‌ను డొమైనే డిఫాల్ట్‌గా 30 రోజులకోసారి మార్చుకుంటుంది. తర్వాత సెట్‌ఎస్‌పీఎన్ కమాండ్‌తో "హెచ్‌టీటీపీ/పోర్టల్.ఎగ్జాంపుల్.కామ్" అనే పేరును ఆ ఖాతాకు తగిలించండి. సైటు హెచ్‌టీటీపీఎస్ అయినా ఇక్కడ రాసేది హెచ్‌టీటీపీయే. "-ఏ" బదులు "-ఎస్" ఆప్షన్ వాడితే ఆ పేరు ఇప్పటికే ఇంకో ఖాతాకు ఉందేమో చూసి ఆపుతుంది. ఒకే ఎస్‌పీఎన్ రెండు ఖాతాలకు ఉంటే కెర్బెరోస్ పనిచేయదు. ఉన్న నకళ్లను "-ఎక్స్" ఆప్షన్ చూపిస్తుంది.

ఐఐఎస్‌లో కెర్నల్ మోడ్ అథెంటికేషన్ (గుర్తింపును విండోస్ కెర్నలే తేల్చడం) మొదటినుంచీ ఆన్‌లో ఉంటుంది. అప్పుడు టికెట్‌ను విప్పేది పూల్ ఖాతా కాదు, ఆ సర్వర్ మెషీన్ ఖాతా. ఎస్‌పీఎన్ పూల్ ఖాతాకు ఉంది, విప్పడానికి ప్రయత్నించేది మెషీన్ ఖాతా. ఈ తేడా వల్లే ఈవెంట్ లాగ్‌లో "ఏపీ ఎర్ర్ మాడిఫైడ్" అనే ఎర్రర్ కనబడుతుంది. కెర్నల్ మోడ్‌ను అలాగే ఉంచి, యూజ్ యాప్ పూల్ క్రెడెన్షియల్స్ విలువను ట్రూ చేస్తే సరి. లోడ్ బ్యాలెన్సర్ (రిక్వెస్టులను సర్వర్లకు పంచేది) వెనక రెండు మూడు సర్వర్లున్న చోట వేరే దారి కూడా లేదు. ఒక ఎస్‌పీఎన్ ఒక ఖాతాకే ఉండగలదు, కాబట్టి అన్ని సర్వర్లూ అదే ఖాతాతో నడవాలి.

డీఎన్ఎస్‌లో సైటు పేరుకు సీనేమ్ (ఇంకో పేరును చూపే రికార్డు) కాకుండా "ఏ" అనే రికార్డు (నేరుగా ఐపీని చూపేది) పెట్టండి. కొన్ని బ్రౌజర్లు సీనేమ్ వెనక ఉన్న అసలు పేరుకు టికెట్ అడుగుతాయి. మీరు ఎస్‌పీఎన్ పెట్టిన పేరుతో అది కలవదు. గడియారాల సంగతి కూడా చూసుకోండి. సర్వర్‌కూ, టికెట్లు ఇచ్చే డొమైన్ కంట్రోలర్‌కూ 5 నిమిషాలకు మించి తేడా ఉంటే టికెట్ చెల్లదు.

లినక్స్ సర్వర్ మీద అయితే ఎస్‌పీఎన్ ఉన్న ఖాతాకు కీట్యాబ్ (ఖాతా కీ ఉండే) ఫైలు తయారు చేసి, వెబ్ సర్వర్ నడిచే యూజర్ ఒక్కరే చదవగలిగేలా అనుమతి 600 పెట్టి, అపాచీ వెబ్ సర్వర్‌లో కెర్బెరోస్ సంగతి చూసే జీఎస్ఎస్ఏపీఐ మాడ్యూల్‌ను "/స్టాఫ్" లొకేషన్‌కు మాత్రమే బిగించండి. కీట్యాబ్ తయారయ్యాక ఆ ఖాతా పాస్‌వర్డ్ మారిస్తే కీ వర్షన్ నంబరు మారిపోతుంది, పాత కీట్యాబ్ పనికిరాదు. గుర్తించిన పేరును వెనకున్న అప్లికేషన్‌కు హెడర్‌లో పంపుతుంటే, బయటి నుంచి అదే పేరుతో వచ్చే హెడర్‌ను ప్రాక్సీ ముందుగా తుడిచేయాలి. ఇది మర్చిపోతే ఎవరైనా ఆ హెడర్‌లో మేనేజరు పేరు రాసి లోపలికి వచ్చేయగలరు.

బ్రౌజర్‌కు కూడా చెప్పాలి

అడ్రసులో చుక్కలుంటే విండోస్ దాన్ని మామూలుగా ఇంటర్నెట్ సైటుగానే లెక్కేస్తుంది, టికెట్ పంపదు, పాస్‌వర్డ్ అడిగే పాప్అప్ చూపిస్తుంది. గ్రూప్ పాలసీలో సైట్ టు జోన్ అసైన్‌మెంట్ జాబితాలో మీ అడ్రసుకు విలువ 1 ఇస్తే అది లోకల్ ఇంట్రానెట్ అవుతుంది. క్రోమ్, ఎడ్జ్‌లకు ఆథ్ సర్వర్ అలౌలిస్ట్ పాలసీ కూడా ఉంది. ఫైర్‌ఫాక్స్‌లో నెగోషియేట్ ఆథ్ ట్రస్టెడ్ యూఆర్ఐస్ సెట్టింగ్‌లో అడ్రసు రాయాలి. ఈ జాబితాల్లో డొమైన్ మొత్తాన్ని స్టార్ పెట్టి కలిపేయొద్దు. అవసరమైన అడ్రసు ఒక్కటే రాయండి.

ఎవరిని ఏ గుమ్మానికి పంపాలి

ఐపీ అడ్రసు చూసి సిబ్బందిని వాళ్ల గుమ్మానికి దానంతటదే పంపేయాలని అనిపిస్తుంది. 10.0.0.0/8, 172.16.0.0/12, 192.168.0.0/16 లోపలి శ్రేణులు కాబట్టి పని సులువే అనిపిస్తుంది కూడా. కానీ గెస్ట్ వైఫైలో ఉన్న అతిథి ఫోనుకూ లోపలి ఐపీయే ఉంటుంది. ఆ ఫోనుకు కెర్బెరోస్ టికెట్ లేదు, పాప్అప్ తప్ప ఇంకేం రాదు. అందుకే ఐపీని సూచనగా మాత్రమే తీసుకోండి, రుజువుగా ఎప్పుడూ కాదు. డొమైన్‌లో చేరిన కంప్యూటర్లు ఉండే సబ్‌నెట్లను మాత్రమే జాబితాలో పెట్టండి. ప్రాక్సీ వెనక ఉంటే, వచ్చినవాళ్ల ఐపీ ఉండే ఎక్స్ ఫార్వర్డెడ్ ఫర్ హెడర్‌లో మీ ప్రాక్సీ స్వయంగా చేర్చిన చివరి విలువనే నమ్మండి. ముందున్నవి ఎవరైనా రాయగలిగినవి.

నా సలహా: లాగిన్ పేజీ ఒకటే ఉంచి, పైన "సిబ్బంది లాగిన్" బటన్, కింద బయటివాళ్ల ఫారం పెట్టండి. సిబ్బంది బటన్ ఒకసారి నొక్కి విజయవంతంగా లోపలికి వచ్చిన బ్రౌజర్‌లో "పోయినసారి వచ్చిన గుమ్మం ఇది" అని చిన్న కుకీ రాసి, మరుసటిసారి నుంచి నేరుగా పంపండి. ఐపీ లెక్కలకంటే ఇది తక్కువ తప్పులు చేస్తుంది.

బయటి ఇంటర్నెట్ నుంచి "/స్టాఫ్" పాత్‌కు ఎవరూ చేరకూడదు. ప్రాక్సీలోనో ఐఐఎస్ ఐపీ పరిమితుల్లోనో మూసేయండి. తెరిచి ఉంచితే దొరికిన పేర్లతో ఎవరో పాస్‌వర్డులు ప్రయత్నిస్తారు, డొమైన్‌లో అసలు ఉద్యోగుల ఖాతాలు లాక్ అవుతాయి. అంటే వెబ్‌సైటు లాగిన్ ద్వారా ఆఫీసు మొత్తాన్ని ఆపేసే వీలు ఇచ్చినట్టే. ఇంటి నుంచి పనిచేసే సిబ్బందికి ఓపెన్ఐడీ కనెక్ట్ (వేరే లాగిన్ సర్వీసు నుంచి గుర్తింపు తెచ్చుకునే పద్ధతి) ద్వారా, రెండో ధ్రువీకరణతో, మూడో దారి ఇవ్వండి.

401 కస్టమ్ పేజీలో బయటివాళ్ల లాగిన్‌కు లింకు ఉంచడం మంచిదే. దాన్ని ఫైలుగా చూపించండి, రీడైరెక్ట్‌గా కాదు. రీడైరెక్ట్ పెడితే 401 కాస్తా 302 అయి, కెర్బెరోస్ మొదలు కాకుండానే ఆగిపోతుంది.

ఖాతాలు కలిసిపోకుండా

అన్నిటికంటే ప్రమాదకరమైన తప్పు ఇక్కడే జరుగుతుంది. సిబ్బంది పేరునో ఈమెయిల్‌నో చూసి డేటాబేసులో ఖాతా వెతికితే, బయట నుంచి అదే పేరుతో నమోదైన మనిషి ఉద్యోగి ఖాతాలోకి జారిపోతాడు. ఖాతాల పట్టికలో "ఏ గుమ్మం", "ఆ గుమ్మం ఇచ్చిన ఐడీ" అని రెండు కాలమ్స్ పెట్టి, ఆ జంటకు యూనిక్ నిబంధన వేయండి. సిబ్బందికి ఐడీగా లాగిన్ పేరు కాకుండా ఆబ్జెక్ట్ జీయూఐడీ (డొమైన్ ప్రతి ఖాతాకూ ఇచ్చే మారని ఐడీ) తీసుకోండి. ఉద్యోగి వెళ్లిపోయాక అదే లాగిన్ పేరు కొత్తవాళ్లకు ఇవ్వొచ్చు, జీయూఐడీ మాత్రం మళ్లీ రాదు. ఎస్ఐడీని (విండోస్ భద్రతా ఐడీ) కూడా పక్కన దాచుకోండి. మూడో దారిలో ఎంట్రా ఐడీ (మైక్రోసాఫ్ట్ క్లౌడ్ లాగిన్ సర్వీసు) వాడితే, ఆఫీసు డొమైన్‌లోని ఎస్ఐడీని తెచ్చే ఆన్‌ప్రెమ్ ఎస్ఐడీ క్లెయిమ్ అడిగి తీసుకుని అదే మనిషికి జత చేయొచ్చు.

సిబ్బంది హక్కులు సిబ్బంది గుమ్మం నుంచి వచ్చినవాళ్లకే ఇవ్వాలి. బయటి నమోదు ఫారంలో సంస్థ ఈమెయిల్ డొమైన్‌ను ఒప్పుకోకండి. ఉద్యోగం మానేసిన వ్యక్తి ఖాతాను డొమైన్‌లో ఆపేసినా, మీ కుకీ గడువు తీరేదాకా సైటులో పనిచేస్తూనే ఉంటుంది. అందుకని సిబ్బంది కుకీకి 8 గంటల గట్టి గడువు పెట్టి, 15 నిమిషాలకోసారి డొమైన్ ఖాతాలోని యూజర్ అకౌంట్ కంట్రోల్ ఫీల్డులో 2 విలువ బిట్ ఉందేమో చూడండి. ఉంటే ఖాతా ఆపేసినట్టు.

బయటి గుమ్మం

ఇది అందరికీ అలవాటైనదే కాబట్టి ముఖ్యమైన సంఖ్యలు చాలు. పాస్‌వర్డ్ హ్యాష్‌కు (పాస్‌వర్డ్‌ను వెనక్కి తిప్పలేని రూపంలో దాచడానికి) ఆర్గాన్2ఐడీ, కనీసం 19 మెబిబైట్ల మెమొరీ, 2 దఫాలు, పారలలిజం 1. అది వీలుకాకపోతే పీబీకేడీఎఫ్2, షా 256తో, 6,00,000 దఫాలు. బీక్రిప్ట్ వాడితే అది 72 బైట్ల తర్వాత ఉన్నది పట్టించుకోదని గుర్తుంచుకోండి. తెలుగు అక్షరం యూటీఎఫ్ 8లో ఒక్కోటి 3 బైట్లు, కాబట్టి తెలుగులో పాస్‌వర్డ్ పెట్టుకునేవాళ్లకు 24 కోడ్ పాయింట్లతోనే ఆ హద్దు వచ్చేస్తుంది. పేరు తప్పయినా పాస్‌వర్డ్ తప్పయినా చూపించే సందేశం ఒకటే ఉండాలి. లాగిన్ అవగానే సెషన్ ఐడీ మార్చాలి. కుకీకి సెక్యూర్, హెచ్‌టీటీపీ ఓన్లీ, సేమ్‌సైట్ లాక్స్ మూడూ పెట్టండి.

ఏపీఐ (జావాస్క్రిప్ట్ డేటా తెచ్చుకునే) పాత్‌లకు మాత్రం సెషన్ అయిపోతే 302 కాకుండా 401 ఇవ్వండి. 302 ఇస్తే జావాస్క్రిప్ట్ దాన్ని అనుసరించి, లాగిన్ పేజీ హెచ్‌టీఎంఎల్‌ను 200తో తెచ్చుకుని, జేసన్ అనుకుని చదవబోయి పడిపోతుంది.

పరీక్షించేటప్పుడు, తేడా వచ్చినప్పుడు

సర్వర్ మీదే బ్రౌజర్ తెరిచి పరీక్షించకండి. సర్వర్ తనను తాను పూర్తి పేరుతో పిలుచుకుంటే విండోస్ లూప్‌బ్యాక్ తనిఖీ అడ్డుపడి, మూడుసార్లు పాస్‌వర్డ్ అడిగి 401.1 ఇస్తుంది. సెట్టింగ్స్ అన్నీ సరిగ్గా ఉన్నా ఇలాగే జరుగుతుంది. ఇన్‌కాగ్నిటో కిటికీ కూడా వద్దు. క్రోమ్ అందులో టికెట్‌ను దానంతటది పంపదు. డొమైన్‌లో చేరిన వేరే కంప్యూటర్‌లో, మామూలు యూజర్‌గా పరీక్షించండి. ముందు కేలిస్ట్ పర్జ్ కమాండ్‌తో పాత టికెట్లు తుడిచేయండి.

డెవలపర్ టూల్స్‌లో ఆథరైజేషన్ హెడర్ చూస్తే నిజం తెలుస్తుంది. నెగోషియేట్ తర్వాత వచ్చే అక్షరాలు వై, ఐ, ఐ అయితే కెర్బెరోస్. టీ, ఎల్, ఆర్, ఎం అయితే ఎన్‌టీఎల్‌ఎమ్‌కు దిగిపోయింది, ఎస్‌పీఎన్‌కు తిరిగి వెళ్లండి.

401 వెనకున్న చిన్న అంకె కూడా దారి చూపిస్తుంది. 401.1 అయితే గుర్తింపు చెల్లలేదు. 401.2 అయితే సర్వర్ సెట్టింగ్‌లో ఏ పద్ధతీ కుదరలేదు. అయితే కెర్బెరోస్ మొదలయ్యేటప్పుడు మొదటి రిక్వెస్టుకు 401.2 రావడం మామూలే. 401.3 అయితే ఫైలు అనుమతులు.

కొందరికే, అదీ ఎక్కువ గ్రూపుల్లో ఉన్నవాళ్లకే 400 ఎర్రర్ వస్తుంటే టికెట్ సైజు పెరిగిందని అర్థం. టికెట్ గరిష్ఠ పరిమాణం విండోస్ సర్వర్ 2012 నుంచి 48,000 బైట్లు. హెడర్‌లో పంపడానికి బేస్ 64 అక్షరాల్లోకి మారితే అది 64,000 అవుతుంది. విండోస్ హెచ్‌టీటీపీ సర్వీస్ హెడర్‌కు ఇచ్చే హద్దు మాత్రం 16,384. రిజిస్ట్రీలో మ్యాక్స్ ఫీల్డ్ లెంగ్త్‌ను 65,534కు, మ్యాక్స్ రిక్వెస్ట్ బైట్స్‌ను దానికంటే ఎక్కువకు, 81,920 లాంటి విలువకు పెంచి సర్వర్ రీస్టార్ట్ చేయండి. ముందు ఎంజినెక్స్ ఉంటే దానిలో డిఫాల్ట్ హెడర్ బఫర్ 8 కిలోబైట్లే, దాన్నీ పెంచాలి. అవసరం లేని గ్రూపులు తీసేయడం అన్నిటికంటే మేలైన మందు.

లోడ్ బ్యాలెన్సర్ టీఎల్ఎస్‌ను (హెచ్‌టీటీపీఎస్ వెనకున్న ఎన్‌క్రిప్షన్) అక్కడే విప్పేస్తుంటే, ఐఐఎస్‌లో ఎక్స్‌టెండెడ్ ప్రొటెక్షన్ "రిక్వైర్డ్"గా ఉన్నప్పుడు ప్రతి లాగిన్ విఫలమవుతుంది. బ్రౌజర్ చూసిన టీఎల్ఎస్ చానెల్, సర్వర్ చూసిన చానెల్ ఒకటి కావు కదా. ఈ తప్పు బ్యాలెన్సర్ లేని టెస్ట్ సర్వర్లో కనబడదు, అసలు సర్వర్‌కు ఎక్కించాకే బయటపడుతుంది.

ఇక లాగౌట్. సిబ్బంది లాగౌట్ నొక్కితే కుకీ పోతుంది, కానీ లాగిన్ పేజీ వాళ్లను వెంటనే సిబ్బంది గుమ్మానికి పంపి, కెర్బెరోస్ వాళ్లను క్షణంలో మళ్లీ లోపలికి తెచ్చేస్తుంది. లాగౌట్ పనిచేయడం లేదని ఫిర్యాదు వస్తుంది. అందుకని లాగౌట్ అయినప్పుడు "గుమ్మం గుర్తు" కుకీని కూడా తుడిచేసి, లాగిన్ పేజీలోనే ఆపండి. మళ్లీ లోపలికి రావాలంటే వాళ్లే బటన్ నొక్కాలి. పంచుకుని వాడే కంప్యూటర్లలో ఒకరి పేరుతో ఇంకొకరి పని నమోదు కాకుండా ఉండాలంటే ఈ ఒక్క క్లిక్కు అవసరం.